తిరుపతిరావు నాలుక

నందిగామలో తిరుపతిరావుకి ఉన్నది ఒకటే అలవాటు. కాలు మోపిన చోటల్లా వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకునేవాడు. పొగాకు నమిలేవాళ్ళూ, ముక్కుపొడుం పీల్చేవాళ్ళూ ఊరినిండా ఉన్నారు గాని, భూదేవిని వక్కపలుకులా బుగ్గన పెట్టుకున్నది మాత్రం ఆయనొక్కడే.

మట్టి నోట్లో పడగానే కళ్ళు మూసుకునేవాడు. మీసాలు కాసేపు కుడికీ ఎడమకీ కదిలేవి. ఆపైన తీర్పు వచ్చేది. "చౌడు." లేదా "కమ్మటి రేగడి, మిరప వెయ్యి." లేదా, ఎవరూ అడక్కపోయినా, "కింద సున్నపురాయి. జగ్గయ్యపేట దాకా ఒకటే పలక."

బెజవాడ బస్సు కీసరలో ఆగితే జనం టీకి దిగేవారు, ఆయన మట్టికి దిగేవాడు. తమరిలా రోజూ రోడ్డు తినేస్తుంటే రేపు బస్సు దేనిమీద నడపాలండీ అని కండక్టరు ఒకసారి చాలా వినయంగా అడిగాడట. వేదాద్రిలో పూజారి ప్రసాదం పెట్టబోతే చెయ్యి ఖాళీ లేదు, అందులో అప్పటికే కృష్ణ ఒడ్డు ఇసుక ఉంది. మేనల్లుడికి పిల్లని చూడడానికి జి.కొండూరు వెళ్ళినప్పుడు అందరూ పిల్ల వంక చూస్తుంటే ఈయన మల్లెపాదులోంచి ఇంత మట్టి తీసి నోట్లో వేసుకున్నాడు. పెళ్ళివారు మరీ ఆకలిమీద ఉన్నారనుకుని ఆ ఇల్లాలు గాభరాగా ఇంకో పళ్ళెం అరిసెలు తెచ్చిపెట్టింది.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో వ్యవసాయం ఆఫీసరొకాయన భూసార పరీక్ష అంటూ సంచుల్లో మట్టి పట్టుకెళ్ళాడు. ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా తింటాడు కాబోలని తిరుపతిరావు ఆయన్ని మెచ్చుకున్నాడు. ఆర్నెల్లకి వచ్చిన చీటీ ఒకటి చెప్పింది, తిరుపతిరావు నాలుక ఇంకొకటి చెప్పింది. రైతులు రెండూ శ్రద్ధగా విని, తాతలనాటి నుంచీ వేస్తున్న జొన్నే వేశారు.

ఆయన పక్కిల్లు దుర్గాంబది. వీధిలో ఏ ఇంట ఏ కూర ఉడుకుతోందో వాసన పట్టి చెప్పేది. ఎందుకు ఉడుకుతోందో మాత్రం వెళ్ళి అడిగి తెలుసుకునేది. అంతటి దుర్గాంబకీ అంతుపట్టనిది ఒకటుంది. మట్టిలో ఉప్పు కనిపెట్టే ఈ మనిషి, ఇంట్లో పప్పు ఉప్పగా ఉందని గాని చప్పగా ఉందని గాని పెళ్ళాం రత్తమ్మని ఒక్కనాడూ అనలేదు. వీధిలో ఆడవాళ్ళంతా రత్తమ్మది పెట్టి పుట్టిన జన్మ అనేవాళ్ళు. దుర్గాంబకి మాత్రం, ఇందులో ఏదో ఉందనిపించేది. మగవాడన్నాక వంటకి వంక పెట్టకుండా ఎలా ఉంటాడు?

ఇలా ఉండగా టోకు వ్యాపారి దశరథరామయ్య వీధి చివర కొత్తగా మేడ కట్టాడు. ప్రహరీ లోపల బావి తవ్వించాలని సంకల్పం. బావులు తవ్వడంలో ఆ చుట్టుపక్కల సొలొమోను తర్వాతే ఎవరైనా. ఊళ్ళో సగం బావులు అతని పలుగు దిగినవే. తవ్వినన్నాళ్ళూ అతను మోకాటి లోతు నీళ్ళలో నిలబడేవాడు; నీళ్ళు తేరిన మర్నాటి నుంచి ఆ బావి గట్టెక్కడానికి వీల్లేదు. అదీ ఆచారం. నీళ్ళలో నిలబడి తవ్వితే అంటని మైల, చేద వేస్తే ఎలా అంటుకుంటుందో దుర్గాంబ ఇద్దరు ముగ్గురు పెద్దల్ని అడిగి చూసింది గాని, వాళ్ళకి అర్జంటు పనులు తగిలాయి.

ఒకరోజు సొలొమోను భార్య ఆదెమ్మ ఖాళీ బిందెతో మునేటికి పోతుంటే దుర్గాంబ అరుగు మీంచి పలకరించింది. తిరుపతిరావు తన అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"ఈ ఎండాకాలమన్నా మునేటి బాధ తప్పుద్దా ఆదెమ్మా?"

"ఎట్టా తప్పుద్దమ్మా? ఆయన తవ్వేది షావుకారి గోడలోపల గదా. మాకా ఏటి ఇసకలో చెలమలే గతి. చెలమ ఊరేలోపు పొద్దెక్కుద్ది."

పేపరు కాస్త కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది.

మర్నాడు దశరథరామయ్య తిరుపతిరావుని సగౌరవంగా పిలిపించాడు. చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. తిరుపతిరావు ఈశాన్యం మూల మట్టి నోట్లో వేసుకుని, తేలు కుట్టినవాడిలా ఎగిరి ఊశాడు. దొడ్లో ప్రతి మూలా రుచి చూశాడు. ప్రతి మూలా ఊశాడు. ఆఖరికి గేటు దాటి, ప్రహరీ బయట, సందుని ఆనుకుని ఉన్న, దశరథరామయ్యదే అయిన ఖాళీ జాగాలో వంగాడు. ఈసారి మీసాలు కదలలేదు. ముఖం విచ్చుకుంది.

"ఇక్కడ, షావుకారు గారూ. ఇక్కడ తప్ప ఇంకెక్కడ తవ్వినా ఉప్పు కుండే."

దశరథరామయ్యకి మింగుడు పడలేదు. అయినా, ముందు నీళ్ళు పడనీ, తర్వాత దాని చుట్టూ ఇంకో గోడ కట్టుకుందామని ఊరుకున్నాడు.

తవ్వకం మొదలైంది. రెండు నిలువులు దిగాక పలకరాయి తగిలింది. సొలొమోను మందుపెట్టి పేల్చాడు. దాని కింద ఇంకో పలక. దశరథరామయ్య ముఖం రోజు రోజుకీ ముడుచుకుపోతోంది. తిరుపతిరావు రోజూ గట్టున నిలబడి, పైకొచ్చిన రాతిపొడి చప్పరించి "దగ్గరికొచ్చాం" అనేవాడు. ఎంత దగ్గరికో అడిగితే వినపడనట్టుండేవాడు.

ఒక మధ్యాహ్నం దుర్గాంబ గోంగూర నూరి గిన్నెడు పక్కింటికి పట్టుకెళ్ళింది. అప్పుడే భోజనానికి కూర్చున్న తిరుపతిరావు లొట్టలేసుకుంటూ తిని, అమృతంలా ఉందన్నాడు. ఇంటికొచ్చి తన విస్తట్లో కలుపుకున్నాక గాని దుర్గాంబకి తెలియలేదు, అందులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయిందని.

సగం అన్నంలో లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, దుర్గాంబ పక్కింటి వంటింట్లో ప్రత్యక్షమైంది. ఆమె అడిగింది విని రత్తమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"గట్టిగా అనకు దుర్గాంబా. సన్నిపాత జ్వరం వచ్చిన ఏడాదే నాలుక చచ్చిపోయింది. బెల్లమూ బొగ్గూ ఒకటే ఆయనకి. అంతకుముందు మట్టి సంగతి నిజంగానే చెప్పేవాడు. తర్వాత అలవాటూ పోలేదు, అడిగేవాళ్ళూ పోలేదు."

దుర్గాంబ తిన్నగా వసారాలోకి వెళ్ళి నిలబడింది. ఆమె ముఖం చూడగానే తిరుపతిరావుకి అర్థమైంది.

"అన్నయ్యా, అక్కడ నీళ్ళు పడకపోతే ఏంటి గతి? నీ పరువు సరే, సొలొమోనుకి కూలి కూడా ఇవ్వడు ఆ షావుకారు."

తిరుపతిరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "లోపల పడతాయో బయట పడతాయో నాకేం తెలుసు దుర్గాంబా? తెలియనప్పుడు బయటే మేలు గదా."

దుర్గాంబ నోరు తెరిచింది. ఆ వీధి చరిత్రలో మొదటిసారిగా, ఏమీ అడక్కుండా మూసుకుంది. ఆ సాయంత్రం నుంచి ఆమె కూడా బావిగట్టున నిలబడి దేవుళ్ళకి మొక్కుకోవడం మొదలెట్టింది.

రెండో పలక పగిలిన నాడు నీళ్ళు చిమ్మాయి. లోపల్నుంచి సొలొమోను వేసిన కేక విని సందంతా పరిగెత్తుకొచ్చింది. దశరథరామయ్య మొదటి చెంబు గొంతులో పోసుకుని ముఖం చిట్లించాడు.

"ఉప్పగా ఉన్నయ్యేంటండీ తిరుపతిరావు గారూ?"

తిరుపతిరావు చెంబందుకుని, పుక్కిలించి, కళ్ళు మూసుకున్నాడు. మీసాలు కదిలాయి. ఎప్పటికంటే ఎక్కువసేపే కదిలాయి.

"ఊట తియ్యనిదే. పైన ఉప్పు కమ్మింది. తోడిన కొద్దీ విరుగుద్ది. ఎన్ని చేతులు తోడితే అంత తీపి. నిలవుంచారో, మళ్ళీ కక్కుద్ది."

"మా జీతగాళ్ళు తోడతారు."

"నలుగురు తోడితే విరిగే ఉప్పు కాదిది. గోడ కడితే అసలు విరగదు. ఇంకో మాట. ముందు చేద తవ్వినవాడి ఇంటివాళ్ళు వెయ్యాలి. ఈ భూమి ఎరిగింది అతన్నే."

దశరథరామయ్య ఆచారం వంక ఒకసారి చూశాడు, బావికైన ఖర్చు వంక ఒకసారి చూశాడు. ఖర్చే పెద్దదిగా కనబడింది. "ఆదెమ్మా, కానీ," అన్నాడు.

గిలక కిర్రుమంది. ఆదెమ్మ బిందె నిండింది. వెనక సందులో బిందెలన్నీ బారు తీరాయి.

ఆ వేసవంతా ఒక వింత జరిగింది. పొద్దున్నే దశరథరామయ్య గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే ఆడవాళ్ళని బతిమాలేవాడు. "అప్పుడే వెళ్తన్నావేంటమ్మా, ఇంకో బిందె తీసుకెళ్ళు. నిన్న నువ్వు రాలేదు, నాలుక్కి తేడా తెలిసింది." నీళ్ళెలా ఉన్నాయని అడిగితే, సందు సందంతా కూడబలుక్కున్నట్టు ఒకటే జవాబు: రోజు రోజుకీ తియ్యబడుతున్నాయండీ. దుర్గాంబ తాగి చూసింది. మొదటిరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కొబ్బరినీళ్ళేనని ఆమే అందరికంటే గట్టిగా చెప్పింది. వినగా వినగా దశరథరామయ్యకీ తియ్యగానే అనిపించాయి.

తొలకరి పడ్డాక ఒకనాడు దుర్గాంబ మళ్ళీ గోంగూర నూరింది. ఈసారి ఉప్పు కావాలనే మానేసింది. గిన్నె ముందు పెట్టి, బుగ్గన చెయ్యి ఆన్చుకుని చూస్తూ కూర్చుంది. తిరుపతిరావు ముద్ద నోట్లో పెట్టుకుని, ఆమె వంక ఓరగా చూసి, కళ్ళు మూసుకున్నాడు. మీసాలు కుడికీ ఎడమకీ కదిలాయి.

"ఉప్పు కాస్త ఎక్కువైంది దుర్గాంబా."

తలుపు చాటున రత్తమ్మ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈసారి తగ్గిస్తాలే అన్నయ్యా," అంది దుర్గాంబ.