మసీదు మెట్ల దగ్గర ఊదిన ఊపిరి

ఈ సాయంత్రం ఎమ్మిగనూరు బస్సు దిగి ఆదోని బజారులో నడుస్తుంటే మళ్లీ గుండె దడ మొదలైంది. రెండు నెలలుగా ఇదే వరస. ఈ క్షణమే పడిపోతానని భయం. గుండెకేమీ లేదని చెప్పిన డాక్టరు, దడ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ నోటితో మెల్లగా వదలమన్నాడు. మసీదు మెట్ల పక్కన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని అదే పని మొదలుపెట్టాను. జట్కాలు లేపిన దుమ్ముకు తలకు చేతిరుమాలు కట్టుకుని ఉన్నాను.

కళ్లు తెరిచేసరికి నా మొహం ముందు ఒక పసిబిడ్డ! నుదుట బొట్టున్న తల్లి ఎత్తి పట్టుకుంది. నమాజు ముగించి వచ్చేవాళ్ల చేత జబ్బు పిల్లల మీద ఊదించడానికి తల్లులు అక్కడే నిలబడతారని అప్పుడు గుర్తొచ్చింది.

"నేను నమాజుకు పోయినోన్ని కాదమ్మా. భయమై ఊపిరి ఇడుస్తాండా" అన్నాను.

"ఎవరైతేనేం, అన్నా? మూడు దినాలుగా జరం. నీ మాదిరి అంతసేపు ఎవరూ ఊదలే. ఇంగొక్కసారి ఊదు."

కాదనలేక ఊదాను. బిడ్డ కళ్లు మూసుకుంది. తల్లి దండం పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. గుండె సంగతి మరిచిపోయాను గానీ ఇంకో భయం పట్టుకుంది. నేను వదిలిన గాలి నిండా భయమే కదా, అది ఆ బిడ్డకు తగిలి ఉంటే? మీరైతే ఊదేవారా, చెప్పండి. రేపు అదే వేళకు పోయి ఆ గోడ దగ్గరే నిలబడతాను. ఆమె వచ్చి బిడ్డను చూపించేదాకా నాకు ఊపిరాడదు.