అర్థంకాలేదమ్మాయి

ఎవరి ముందైనా, ఎంతమంది ముందైనా "నాకు అర్థం కాలేదు" అని గట్టిగా అనేయడం ఆమె అలవాటు. చదువుకున్నవాళ్లు ఆ మాట అనాల్సివస్తే కాస్త దగ్గుతారు, నీళ్లు నములుతారు. ఈమె మాత్రం "కాస్త ఫ్యాను వెయ్యండి" అన్నంత తేలిగ్గా అనేది. రెండో వారానికల్లా ఆఫీసంతా అసలు పేరు మరిచిపోయి ఆమెను అర్థంకాలేదమ్మాయి అనడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ఆమెను చూస్తే ఒళ్లు మండేది.

వేసవి సెలవుల్లో మేమిద్దరం ఒక బ్యాంకు రిస్క్ విభాగంలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌కి చేరాం. బ్యాంకు ఎక్కడెక్కడ దెబ్బతినొచ్చో ముందే లెక్కగట్టి చెప్పడం ఆ విభాగం పని. చివర్లో ఇద్దరిలో ఒకరికే ఉద్యోగం. ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల. కిటికీ వైపు కుర్చీ ఆమెకు దక్కింది. నా కుళ్లు అక్కణ్ణుంచే మొదలు.

మా పైఅధికారి ఏం చెప్పినా బోర్డు మీద బొమ్మ గీసే చెబుతారు. అందుకే మాకాయన గీతల సార్. మొదటి సోమవారం కొండలాంటి బొమ్మ గీసి, దాని ఎడమ కొసన నిలువుగా ఒక గీత కొట్టారు.

"వంద రోజుల్లో తొంభై తొమ్మిది రోజులు మన నష్టం ఈ గీత దాటదు. అర్థమైందా?"

నేను తల ఊపాను. ఆ కొండ ఎందుకొచ్చిందో కూడా నాకు తెలియదు. అయినా బాగా ఊపాను.

"నాకు అర్థం కాలేదు సార్," అందామె.

"ఏది?"

"ఆ కొండ ఏమిటో మొదట్నుంచీ చెప్పండి. తర్వాత, మిగిలిన ఆ ఒక్క రోజు ఎంత పోతుందో కూడా చెప్పండి."

గీతల సార్ మొహం వెలిగిపోయింది. "ఆ ఒక్క రోజు గురించి అడగాలని మావాళ్లకి తట్టడానికి రెండేళ్లు పట్టిందమ్మా!" అంటూ బోర్డు తుడిచి, ఒక్కో రోజు లాభనష్టాలు పేర్చుకుంటూ పోతే ఆ కొండ ఎలా లేస్తుందో గంటసేపు చెప్పారు. దాంతో నాకూ అర్థమైంది. అర్థమైనందుకు సంతోషించాలో, ప్రశ్న నాది కానందుకు ఏడవాలో తేలలేదు. ఏడుపే ఎంచుకున్నాను.

ఇక రోజూ అదే తంతు. నేను తల ఊపడం, ఆమె అర్థం కాలేదనడం, సార్ మురిసిపోవడం. క్యాంటీన్లోనూ ఇంతే. "నాకు అర్థం కాలేదు, నిన్నటి కూరే కదండీ ఇది? ఒక్కరోజులో పేరెలా మారింది?" అని నిలదీస్తే వంటాయన పడీపడీ నవ్వి మరో గరిటె వడ్డించాడు. వెనకే నిలబడి నేనూ పళ్లెం చాపాను. "అయిపోయిందమ్మా," అన్నాడు.

ఇంట్లో అయినా ఊరట ఉందా అంటే, చెప్పులు విప్పకముందే మా అమ్మ ఎదురొచ్చేది.

"ఏమే, ఇవాళ ఆ పిల్ల ఏమడిగింది?"

"అమ్మా, నేనేం చేశానో అడగవా?"

"నువ్వు చెప్తే నా బుర్రకెక్కదే. ఆ పిల్ల ప్రశ్నలైతే బాగుంటాయి."

కన్నతల్లి కూడా చేజారిపోయింది.

చివరి వారం అయిదుగురు పెద్ద అధికారుల ముందు ఒక్కొక్కరం పది నిమిషాలు మాట్లాడాలి. వడ్డీ ఒక్కసారిగా పెరిగితే ఇంటి అప్పులు తీసుకున్నవాళ్లలో ఎందరు వాయిదాలు కట్టలేకపోతారన్నది నా అంశం. రెండొందల పాత ఫైళ్లు చదివాను. కానీ ఫైళ్ల సంగతి మరీ నాటుగా ఉందనిపించి చివరి పేజీలో ఒక్క లైనుకు కుదించాను. ముందంతా పోయినేడాది నివేదికలోంచి ఎత్తిన పెద్ద సూత్రంతో నింపేశాను.

నేను ముగించగానే ఆ పెద్దల్లో ఒకావిడ కళ్లజోడు సర్దుకుంది. "ఈ సూత్రమే ఎందుకు వాడావమ్మా?"

తల ఊపుదామంటే అది ఊపితే సరిపోయే ప్రశ్న కాదు.

అప్పుడు వెనక నుంచి, "నాకు అర్థం కాలేదు."

అయిపోయాను, ఇక నన్ను పూర్తిగా పూడ్చిపెట్టేస్తుంది అనుకున్నాను.

"వాయిదా మానేసేవాళ్లు అంతకు ముందు మూడు నెలలూ కొంచెం కొంచెం ఆలస్యంగా కడతారని చివర్లో రాసింది. అది తనకెలా తెలిసింది?"

అది నాకు తెలిసిన సంగతి! ఆగకుండా చెప్పాను. అయిదో తేదీన కట్టే మనిషి తొమ్మిదికి, పద్నాలుగుకి ఎలా జారతాడో, ఆ మధ్యలోనే పలకరిస్తే ఎందరు నిలదొక్కుకోగలరో ఫైలు ఫైలూ చెప్పాను. "ఇది మనవాళ్లెవరూ చూడలేదే!" అందా కళ్లజోడావిడ. సూత్రం ఊసే మళ్లీ రాలేదు.

మర్నాడు సార్ నన్ను పిలిచారు. ఉద్యోగం ఆమెకే. ఆలస్యపు వాయిదాల మీద నేను చేసిన పని బాగుందనీ, దాన్ని పూర్తిచేయడానికి చదువయ్యాక ఆరు నెలలు రమ్మనీ చెప్పారు.

"ఆ అమ్మాయి నీకంటే చాలా ముందుందమ్మా. ఇక్కడ చేరకముందే ఇంటర్వ్యూలో ఆ కొండబొమ్మ తనే గీసి, నా లెక్కలో తప్పు దిద్దింది. అన్నీ తెలిసీ ఎందుకడుగుతోందో మొదటి రోజే పసిగట్టి నేనూ ఊరుకున్నాను."

నేరుగా మెట్ల దగ్గరకు వెళ్లి ఆమెను పట్టుకున్నాను.

"అన్నీ తెలిసి ఎందుకడిగేదానివే?"

"నువ్వు అడగవుగా."

"నాకు తెలీదని నీకెవరు చెప్పారు?"

"అర్థమైతే నువ్వు ఊరుకుంటావు. అర్థం కాకపోతేనే తల ఊపుతావు. ఎంత అర్థం కాకపోతే అంత గట్టిగా. కాలేజీలో మొదటేడాదంతా నేనూ అలాగే ఊపి, పరీక్షలో తెల్లకాగితం ఇచ్చొచ్చాను."

"మరి పక్కనే కూర్చునేదానివి, నాకే చెప్పొచ్చుగా?"

"చెప్తే తెలుసులే అనేదానివి."

నిజమే, అనేదాన్ని. దాంతో నిజంగానే కోపమొచ్చింది.

"తెలివి నీకే, ఉద్యోగం నీకే. కనీసం మంచిదానివి కాకుండా అయినా ఉండొచ్చు కదే! ఇన్నిటికి ఒక్కదాన్నే ఎలా కుళ్లుకోను?"

"తొందరేముంది, వరసగా కానివ్వు," అంటూ నవ్వి నా చేయి పట్టుకుంది. హాయిగా కుళ్లుకుంటూ ఆమెతోపాటే మెట్లు దిగాను.