రెండు గుంటలు

నా చిన్నప్పుడు మా నాన్నకు శామీర్‌పేటలో ఉద్యోగం పడి, విజయనగరం నుంచి సామానుతో వచ్చి దిగాం. మాకు ఇల్లు అద్దెకిచ్చిన పెద్దాయనను ఓనరు తాతయ్య అని పిలిచేవాళ్లం. ఆయన మాట్లాడేదీ తెలుగే అయినా అందులో సగం నాకు అందేది కాదు. అందని ఆ సగం మీద నాకెప్పుడూ అనుమానమే. నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి ఆరు. అమ్మ మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచింది తక్కువ. "ఈ గుంటలిద్దరూ ఏ మూల ఉన్నారో" అంటూ వెతుక్కునేది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

వానాకాలంలో ఒక సాయంత్రం తాతయ్య మా అరుగు మీద కూర్చుని నాన్నతో మాట్లాడుతున్నాడు. "మనసైతే ఒప్పుతలేదు సారూ. ఏం జేస్త, రెండు గుంటలు అమ్మేసిన. రేపు అప్పజెప్పుడే." నాన్న నిట్టూర్చి, మంచివాళ్ల చేతిలో పడితే అంతే చాలు అన్నాడు. తాతయ్యే మళ్లీ, "రేపు పిల్లలిద్దర్ని పట్నం తోల్కపోత. సూడనియ్యిండ్రి పాపం" అన్నాడు. నాన్న సరేనన్నాడు. తలుపు వెనకాల నిలబడి ఇదంతా విన్నాను. మా ఊళ్లో తోలుకుపోయేది పశువుల్ని, అదీ సంతకి. పైగా ఆ ఇంట్లో ఉన్న గుంటలం సరిగ్గా ఇద్దరమే. అమ్మకు చెబుదామని లోపలికి వెళితే, అమ్మ మా మంచి గౌన్లు తీసి మడతపెడుతోంది. ఈవిడా కలిసిపోయిందనుకుని నోరు మూసుకున్నాను.

తెల్లారేసరికి ముసురు పట్టింది. కారు మాట దేవుడెరుగు, తాతయ్యకు ఉన్నదల్లా ఒక పాత సైకిలు. బస్సులో సికింద్రాబాదు వెళ్లి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి, దిగాక ఒక్క గొడుగు కింద ముగ్గురం ఒదిగి మ్యూజియం దాకా నడిచాం. కండక్టరు దగ్గర ఆయన వెళ్లడానికే టికెట్లు తీసుకున్నాడని నేను గమనించాను. బస్సుల్లో ఎవరైనా అంతేనని నాకు తోచలేదు.

మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు జనమంతా నోరు తెరుచుకుని చూస్తుంటే తాతయ్య మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. తప్పు చేసేవాడు కాకపోతే అలా ఎందుకుంటాడు? వేడి వేడి మిర్చి బజ్జీలు కొనిచ్చాడు, తను ముట్టలేదు. సంతకు తోలే ముందు ఎడ్లకు కడుపునిండా మేత వేస్తారని గుర్తొచ్చి నా బజ్జీ పక్కన పెట్టేశాను. చెల్లి నాది కూడా తినేసింది.

చార్మినారు దగ్గర గాజుల కొట్టాయన చెల్లి చెయ్యి పట్టుకుని, వేళ్లు దగ్గరకు నొక్కి చూసి, తాతయ్యతో ఉర్దూలో ఏదో అన్నాడు. తాతయ్య తలూపి నా చెయ్యి కూడా చూడమన్నాడు. బేరం కుదిరిందనే అనుకున్నాను. చేతులకు ఎర్ర గాజులు పడ్డాక కూడా నా అనుమానం తగ్గలేదు. అమ్మే ఎద్దుకు మెడలో కొత్త గంట కట్టడం నేనెరగనిదా!

చివరికి ట్యాంక్‌బండ్ చేరాం. నీళ్ల మధ్య బుద్ధుడు వానలో మసకగా కనిపిస్తున్నాడు. తాతయ్య మమ్మల్ని బస్టాపులో కూర్చోబెట్టి, "ఈడికెల్లి కదలకుండ్రి, జల్దీ వస్త" అని గొడుగేసుకుని వెళ్లిపోయాడు. చెల్లిని ఒడిలోకి లాక్కుని కూర్చున్నాను. కొంతసేపటికి తిరిగి వస్తున్నాడు. పక్కన, అదే గొడుగు కింద, ఎవరో కొత్తమనిషి!

నాకిక ఆగలేదు. వానలోకి పరుగెత్తి తాతయ్య కాళ్లు చుట్టేసుకున్నాను. "అమ్మితే నన్నమ్మేయండి తాతయ్యా! చెల్లి చిన్నగుంట, దాన్ని ఇంటికాడ దిగబెట్టేయండి!"

ఆ మనిషి తెల్లబోయి చూశాడు. బస్సు కోసం వస్తూ, తడుస్తున్నాడని తాతయ్య గొడుగు కిందికి పిలిచినవాడట. తాతయ్య చేతిలో కాల్చిన మొక్కజొన్న కంకులున్నాయి. "ఏం గుంట బిడ్డా? నిన్నెవలు అమ్ముతరు?" అని అడిగితే, వెక్కుతూ అంతా చెప్పాను. ఆయన మొదట పడీపడీ నవ్వాడు. బస్టాపులో బెంచీ మీద కూలబడి ఇంకా నవ్వాడు. తర్వాత చూస్తే ఏడుస్తున్నాడు.

"గుంటంటే మా దిక్కు భూమి బిడ్డా. ఎకరంల నలభై గుంటలుంటయ్. మా ముసలామె దవఖాన ఖర్చుల కోసమని తూంకుంట కాడ రెండు గుంటలు అమ్మిన. గియ్యాల ఆడ హద్దురాళ్లు పాతుతున్నరు. ఇంటికాడుంటే కాళ్లు అటే గుంజుతయ్. సూడబుద్ధిగాక మిమ్మల్ని తోల్కొని ఇటొచ్చిన." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మట్టి ఇచ్చినందుకే పాణం గిట్లయితాంది. పిల్లలనెట్ల అమ్ముత బిడ్డా?"

పొద్దుటి నుంచీ నేను ఆయన ముఖాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. ఏదో దాస్తున్నాడన్న నా అనుమానం నిజమే. ఆయన దాస్తున్నది దుఃఖమని మాత్రం తొమ్మిదేళ్ల బుర్రకు తట్టలేదు. నాకు అంతకుముందు భయంతో వచ్చినదాని కన్నా ఎక్కువ ఏడుపొచ్చింది. ముగ్గురం కంకులు తిన్నాం.

తిరుగు బస్సులో తాతయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. చెల్లి ఆయన ఒడిలో నిద్రపోయింది. తూంకుంట రాబోతుందని కండక్టరు కేకేయగానే ఆయన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. నేను లేచి, ఆయన మోకాళ్లకు అడ్డంగా కిటికీ వైపు వెళ్లి నిలబడ్డాను. అటు పొలాలు కనబడకుండా, వీలైనంత వెడల్పుగా. తాతయ్య ఊరు దాటేదాకా నా వీపు మీద తల ఆనించుకుని కూర్చున్నాడు.

తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎన్ని రకాల తెలుగు విన్నానో. ఇప్పటికీ ఎవరి మాటైనా గుండెలో గుచ్చుకుంటే, తలుపు వెనక నిలబడిపోను. ఎదురుగా వెళ్లి, ఆ మాటకు మీ ఇంట్లో అర్థమేమిటని అడుగుతాను. భయపడాలో ఓదార్చాలో ఆ తర్వాతే తేల్చుకుంటాను. చాలాసార్లు ఓదార్చాల్సే వచ్చింది.