మూల కత్తిరించని ఫోటో

పరాయి దేశపు బొగ్గుగనిలో ఆరేళ్ళు పనిచేశానని దీపాలాయన వీధంతా చాటుకున్నాడు గానీ, చేసిందంతా గని బయట, రేకుల గదిలో. దిగేవాళ్ళకి టోపీ దీపాలు అందించడం, ఎక్కి వచ్చాక తుడిచి ఛార్జింగ్ పెట్టడం, అంతే. ఆల్బమ్‌లో ఆయన వాలకం చూస్తే మాత్రం కొండని ఒంటిచేత్తో పిండి చేసినట్టుంటుంది. "హెల్మెట్ అరువు, బూట్లు అరువు. మొహాన బొగ్గు మాత్రం నేనే స్వయంగా పూసుకున్నాను," అని ఇప్పుడు తనే నవ్వుతాడు. వయసు మీదపడ్డాక ఆ మాత్రం సిగ్గు తెచ్చుకున్నాడు.

ఆ రోజు వచ్చినావిడ దగ్గర ఆ నవ్వు సాగలేదు. క్యాంపులో ఆయనతో ఒకే గదిలో ఉన్న, గనిలో రాయి తొలిచే డ్రిల్లర్ కూతురామె. ఆమె పుట్టిన రెండు నెలలకే తండ్రి అక్కడే జ్వరంతో పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క పెళ్ళిఫోటో వరదలో నాని పాడైపోయింది.

"నాన్న మొహం ఎలా ఉండేదో తెలీదు బాబాయ్. మీ దగ్గర క్యాంపు ఫోటోలన్నీ ఉన్నాయట కదా. ఒక్కటి చాలు."

"ఒక్కటేం ఖర్మమ్మా, కావలసినన్ని!" అంటూ దర్జాగా ఆల్బమ్ తెరిచాడు. మెస్సు ముందు తను. మంచులో తను. ట్రాలీ మీద కాలేసి తను. పేజీలు తిప్పేకొద్దీ తన మొహం చూసి తనకే విసుగొచ్చింది.

"ఇవన్నీ ఎవరు తీశారు?"

"మీ నాన్నే," అన్నాక గానీ ఆయనకి తట్టలేదు. కెమెరా తనది. పట్టుకున్నది ఎప్పుడూ వాడే.

"మరి ప్రతిదానికీ ఆ మూల కత్తిరించేశారేం?"

"మీ నాన్న బొటనవేలు అడ్డొచ్చేదమ్మా. ఎంత తిట్టినా అంతే. నా అందం చెడిపోతోందని కత్తెరేశాను."

ఆమె ఆల్బమ్ మూసి, పోనీలెండి అంటూ లేచింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. గబగబా గోడ మీద ఫ్రేము దించాడు. అందులో మేనేజరుగారి జీపులో తను. వేలు తన చెవికి ఆనుకుని పడింది గనక కత్తెరకి లొంగలేదు. ఫ్రేములాయన చేత ఆ వేలి మీద అట్ట వేయించి దాచాడు. ఆ అట్ట ఊడబెరికాడు. మసగ్గా, వెడల్పుగా, చీలిన గోరుతో బొటనవేలు. ఆమె దాని పక్కన తన వేలు పెట్టి చూసుకుంది.

"రీల్లో ఇది ఆఖరిదమ్మా. నువ్వు పుట్టావని ఉత్తరం వచ్చింది ఆ రోజే. 'ఇదొక్కటీ నాది తియ్యరా, పాపకి పంపిస్తాను' అన్నాడు. వచ్చే రీల్లో తీస్తాలే అని నేనే జీపెక్కి కూర్చున్నాను. ఆ రీలు వచ్చేసరికి వాడు లేడు." ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. కత్తెర తెచ్చి తన మొహం కత్తిరించబోయాడు.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనివ్వండి. మిగతావాటిలో మీరు బిగుసుకుపోయి ఉన్నారు, దీన్లోనే నవ్వుతున్నారు. నాన్న ఏమన్నారప్పుడు?"

ఆయన కత్తెర కింద పెట్టాడు.

"'నవ్వరా వెధవా, నాకు కూతురు పుట్టింది' అన్నాడమ్మా."