అవ్వకు పచ్చినీళ్లు

మా అన్న పాండురంగానికి కిరాణా కొట్టు అప్పగించాలని మా నాయన పోయేదాకా ఆశపడ్డాడు. అన్నేమో హైదరాబాదులో ఉర్దూలో జీవశాస్త్రం చదువుకుని వచ్చి, హనుమకొండ కాలేజీలో పిల్లలకు కప్పలు కోసి చూపించే నౌకరీలో చేరాడు. కోమటింట పుట్టి ఇదేం పని అని మా నాయనమ్మ లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. కాలేజీ నుంచి రాగానే బావి దగ్గర స్నానం చేస్తే తప్ప గడప తొక్కనిచ్చేది కాదు. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది ఆమే. అందుకే అన్న కిక్కురుమనకుండా చెంబు అందుకునేవాడు.

అన్నకు కణాల పిచ్చి. కాలేజీలో కణాన్ని 'ఖలియా' అంటూ ఉర్దూలో చెప్పిన పాఠాన్నే ఆదివారం మట్టెవాడలో మా కొట్టు ముందు తెలుగులో చెప్పేవాడు. అరుగు మీద ఇత్తడి సూక్ష్మదర్శిని పెట్టి, ఉల్లిపొరకు ఎర్రసిరా పూసి, దారిన పోయేవాళ్లను చేయి పట్టుకుని ఆపేవాడు. మా ఇంట్లో ఉల్లిగడ్డ ముట్టరు. అది అరుగు దాటి లోపలికి రాకుండా అవ్వ గడపలో కాపలా కూర్చునేది.

"గిదేంది పాండురంగం, ఇటుకల గోడ లెక్క ఉన్నది!" అన్నాడు ఓసారి మగ్గాల సాంబయ్య.

"నువ్వు, నేను, గా ఉల్లిగడ్డ, అందరం గట్లనే కట్టబడ్డం మామా," అన్నాడు అన్న. ఆ ఒక్క మాట చెప్పిన సంబరం ఆయనకు రెండు రోజులు ఉండేది. పెళ్లికొడుకు మొహం వేసుకుని తిరుగుతున్నావని నేను ఏడిపించేదాన్ని.

1944 ఎండాకాలంలో తొర్రూరు దిక్కు నుంచి గత్తర బయలుదేరింది. కలరాను మేం అలాగే అంటాం. నీళ్లు కాగబెట్టి తాగండని అన్న ఇల్లిల్లూ తిరిగాడు. మంచినీళ్లను కాగబెట్టడమేమిటని అందరూ నవ్వారు. గత్తర పురుగు ఆయన సూక్ష్మదర్శినికి అందేది కాదు. కంటికి కనపడని ప్రాణులు నీళ్లలో ఉంటాయని ముందు నమ్మిస్తే చాలనుకుని, బావి పక్క తొట్టిలోని పాచినీళ్ల చుక్క ఒకటి గాజుబిళ్ల మీద వేశాడు.

ఆ ఆదివారం వాడకట్టంతా వచ్చింది. జనంలో నమ్మకం కలగాలని అందరికన్నా ముందు అవ్వను కూర్చోబెట్టాడు. అవ్వ ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"అయ్యో బిడ్డా, గివి బతికున్నయి గదరా! ఎట్ల ఉరుకుతాన్నయో సూడు!"

"అవునవ్వా! మన లెక్కనే తింటయి, పిల్లల్ని పుట్టిస్తయి," అన్నాడు అన్న. జనం ఒకరినొకరు తోసుకున్నారు. ఆ ఉత్సాహంలో ఆయనకు ఒళ్లు తెలియలేదు. ఇటువంటివే కొన్ని మనల్ని చంపుతాయన్న మాట చివర్లో, లేచిపోతున్న జనానికి చెప్పాడు. అప్పటికే అవ్వ లోపలికి వెళ్లిపోయింది.

అవ్వ సంగతి ఇక్కడ చెప్పాలి. రోజూ పొద్దున చీమల పుట్టల దగ్గర చక్కెర కలిపిన పిండి చల్లనిదే ఆమె ఏమీ నోట పెట్టుకునేది కాదు. పైగా మడి మనిషి. తన నీళ్లు తానే తోడుకుని తన రాగిబిందెలో పోసుకునేది. ఆ బిందె మేం ముట్టుకోకూడదు. మా నీళ్లు నేను బగోనెలో కాగబెట్టేదాన్ని. ఆమె నీళ్లు ఆమే కాగబెట్టుకుంటుందని అనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను.

పదిహేను రోజులకు, మా వాడలో ఇంటింటా పొయ్యి మీద నీళ్లు కాగుతున్నప్పుడు, గత్తర మా ఇంటికే వచ్చింది. పొద్దున మొదలైన వాంతులకు మధ్యాహ్నానికి అవ్వ కళ్లు లోపలికి పోయాయి. దవాఖాన నుంచి మనిషి వచ్చే లోపల అన్న ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు.

"అవ్వా, నీళ్లు కాగబెట్టే తాగినవా?"

"లేదు బిడ్డా."

"ఎందుకే? గంతగనం చెప్తి గదనే!"

"నువ్వే సూపిస్తివి గదరా. పిల్లలతోని బతుకుతాన్నయి అంటివి. ఆటిని మంట మీద ఎట్ల పెట్టాలెరా? మీరంటే చిన్నోళ్లు, మీరు బతకాలె. నేను ముసల్దాన్ని, నాకేంది."

పొద్దు గూకకముందే అవ్వ పోయింది.

ఆరు నెలలు సూక్ష్మదర్శిని గుడ్డ కప్పుకుని మూలన ఉంది. నేనే దాన్ని తీసి తుడిచి అరుగు మీద పెట్టాను. ఎవరో ఒకరు చెప్పకపోతే ఎట్లా అని కసిరాను. అన్న మళ్లీ మొదలుపెట్టాడు. అయితే ఎవరినీ కూర్చోబెట్టక ముందే, "ఇందుల బతికున్నయి కనపడ్తయి. మనల్ని సంపేటియి గూడ ఉంటయి. కాగబెట్టాలె," అనేవాడు. ఆ తర్వాత ఎంతమంది ఆశ్చర్యపోయినా ఆయన మొహంలో పెళ్లికొడుకు కళ మళ్లీ నేను చూడలేదు.

మరుసటి ఏడు అవ్వ తద్దినం వచ్చింది. అలవాటు కొద్దీ నేను కాచి చల్లార్చిన నీళ్లే తర్పణానికి తెచ్చి పెట్టాను. అన్న చెంబులో వేలు ముంచి, ఇంకా తగ్గని వెచ్చదనం చూసి, ఆ నీళ్లను చెట్టు మొదట్లో పారబోశాడు. లేచి వెళ్లి బావిలోంచి స్వయంగా చేదెడు నీళ్లు తోడుకొచ్చాడు.

"కాగబెట్టినయి అవ్వ ముట్టదే, సరస్వతీ," అని, పచ్చినీళ్లు దోసిట్లోకి తీసుకుని ఏడ్చాడు.