తలుపు పక్కన స్టూలు

కరోనా తగ్గి ఆఫీసులన్నీ మళ్ళీ తెరుచుకున్న ఏడాది, వేసవి. బందరు బస్టాండు దగ్గర మాది కౌన్సెలింగ్ ఆఫీసు. డిగ్రీ అయినవాళ్ళకి తర్వాత ఏం చదవాలో చెప్తాను. నా టేబులుకి ఎదురుగా దిండేసిన కుర్చీ ఒకటి, తలుపు పక్కన ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉండేవి.

ఆ రోజు కోడూరు నుంచి శ్రావణి, వాళ్ళ మావగారు వచ్చారు. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ముప్పై దాటాయి. ఉద్యోగం మానేసి యూఎక్స్‌లోకి, అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్‌లోకి మారాలని కోరిక. ఒక యాప్‌ని వాడేవాళ్ళు ఎక్కడ తికమకపడుతున్నారో చూసి, దాన్ని సరిచేసే పని అది. అందుకు ఏ పీజీ మేలన్నదే ప్రశ్న. ఎమ్.డెస్, అంటే డిజైన్‌లో పీజీకి దరఖాస్తు గడువు ఆ వారంతో సరి. "ఇప్పుడు తప్పితే మళ్ళీ ఇంత ధైర్యం వస్తుందో రాదో సర్," అని ముందే ఫోనులో చెప్పింది.

నేను అలవాటు కొద్దీ మావగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఆయనకే చెప్పడం మొదలెట్టాను. పెద్దవాళ్ళు తలూపితే అడ్మిషన్ అయినట్టేనని మా వృత్తిలో అందరి లెక్క.

"ఎమ్.డెస్ అంటే రెండేళ్ళు ఎక్కడో హాస్టల్లో ఉండాలండీ. అదే ఆన్‌లైన్ ఎంబీఏ అయితే ఇల్లు కదలక్కర్లేదు. కోడలు మీ కళ్ళ ముందే ఉంటుంది," అన్నాను.

"సర్, ఎమ్.డెస్‌కి పోర్ట్‌ఫోలియో..." అంది శ్రావణి స్టూలు మీంచి.

"ఉండమ్మా, ముందు మావగారికి చెప్పనీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నాకెందుకు చెప్తున్నారండీ? నేను ఇంటరు తప్పినవాణ్ణి. బస్సు రాకపోతే బండి మీద దింపడానికొచ్చాను. చదివేది ఆ అమ్మాయి. తననడగండి."

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా ఆమె వైపు తిరిగాను.

"ఫర్వాలేదు సర్. మీరు ఏది మంచిదంటే అదే," అంది తల దించుకుని. ఆయన మాట కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎంతో ధైర్యం చేసి వచ్చిన మనిషిని పది మాటల్లో ముడుచుకుపోయేలా చేశాను.

"పొరపాటైందమ్మా. నువ్వే చెప్పు," అని బతిమాలాక మెల్లగా నోరు విప్పింది. వ్యాయామాలు చూపించడానికి ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన యాప్‌లో ముసలివాళ్ళకి ఏ బటను నొక్కాలో తెలిసేది కాదట. "మాకు రాదులేమ్మా" అని తమని తామే తిట్టుకునేవారట. ఆమె కాగితాల మీద తెరలు కొత్తగా గీసి, వాళ్ళ చేతే నొక్కించి చూసి, మళ్ళీ గీసింది. పోర్ట్‌ఫోలియో అంటే చేసిన పనికి నమూనా. అది ఆమె దగ్గర తయారుగానే ఉంది. అక్కడే కూర్చుని ఎమ్.డెస్‌కి దరఖాస్తు పెట్టించాను. సీటు వచ్చింది.

మొదటి ఏడాది సెలవుల్లో మళ్ళీ వచ్చింది. ఏదైనా ఒక ఆఫీసుని అక్కడికొచ్చేవాళ్ళ వైపు నుంచి గమనించి రమ్మని కాలేజీలో చెప్పారట. మా ఆఫీసునే చూస్తానంటే సంతోషంగా ఒప్పుకున్నాను. అప్పుడే గుడివాడ నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. "పాపకి ఏమంటే ఇష్టమండీ?" అని తల్లిని అడిగేశాను. మాట బయటికొచ్చాక గానీ నాకు తెలియలేదు.

వాళ్ళు వెళ్ళాక శ్రావణి నవ్వలేదు, తప్పుపట్టలేదు. "సర్, ఒకసారి ఆ స్టూలు మీద కూర్చోండి," అంది.

కూర్చున్నాను. నా కుర్చీకి అడ్డంగా కంప్యూటరు ఉంది. అక్కణ్ణుంచి చూస్తే నా ముఖం కనపడదు. ఇన్నేళ్ళూ చదవాల్సిన పిల్లలంతా అక్కడ కూర్చునే తమ చదువు సంగతి విన్నారు.

మర్నాటి నుంచి దిండు కుర్చీ చదివేవాళ్ళది. అయినా ఎవరైనా పెద్దవాళ్ళు లోపలికి రాగానే నా మెడ ఇంకా వాళ్ళ వైపే తిరుగుతుంది. అప్పుడల్లా సిగ్గేస్తుంది.