స్టీరింగు మీద ఇత్తడి గీత

పాత స్టీరింగును తడిపిన గరుకు కాగితంతో రుద్దుతుంటే ఒక వాసన వస్తుంది. కాలిన కొమ్ము వాసనా, తడిసిన ఇనుము వాసనా కలిసినట్టుంటుంది. నిన్న పొద్దున హిందూపురంలో నా షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, అలాంటి స్టీరింగొకటి ఒళ్లో పెట్టుకుని రుద్దుతుంటే నంజుండన్న గుర్తొచ్చాడు. పాత కార్లు బాగుచేసే మేస్త్రీ ఆయన. నాకీ పని నేర్పిన మనిషి. పోయి రెండేళ్లయింది. ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అది దాచిపెట్టి ఆయన్ని పొగిడితే ఆయనకే నచ్చదు.

నేను ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. పెళ్లయి హిందూపురం వచ్చాక నంజుండన్న షెడ్డులో కారు సీట్లు కుట్టే పనికి చేరాను. ఆయన పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల ఉండేది. మడకశిర వైపువాడు కాబట్టి కోపమొస్తే కన్నడంలో తిట్టేవాడు, ఆ తిట్లు నాకు సగమే అర్థమయ్యేవి, అదొక సుఖం. రెండేళ్లు సీట్లు కుట్టాక ఒకరోజు నన్ను ఒక పాత కారు దగ్గరికి పిలిచాడు. దాని స్టీరింగు నిండా నెర్రెలు.

"పట్టు పోగులు పట్టిన వేళ్లు కదమ్మా కళావతీ. ఈ నెర్రెలు పూడ్చేదానికి నా మొద్దు వేళ్లకన్నా అవే మేలు" అన్నాడు.

ముందు బ్యాటరీ వైరు తీయించాడు. చక్రాలు నేరుగా పెట్టించాడు. హారన్ మూత ఊడదీసి, లోపలి నట్టు చుట్టూ ఉన్న ఇనుము మీదా, స్టీరింగును మోసే కడ్డీ మీదా ఒకదానికొకటి కలిసేలా చెరో చిన్న గాటు కొట్టించాడు. తిరిగి బిగించేటప్పుడు ఆ రెండు గాట్లూ కలవకపోతే స్టీరింగు వంకరగా కూర్చుంటుంది. తర్వాత నట్టు వదులు చేయమన్నాడు. నేను హుషారుగా మొత్తం విప్పబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"కొసన రెండు చుట్లు వదలల్ల. లేకుంటే గుంజినప్పుడు ఊడొచ్చి పండ్లు రాలగొడతాది."

నేను నవ్వాను. ఆయన పై పెదవి ఎత్తి, ముందు పన్ను లేని ఖాళీ చూపించాడు. నా నవ్వు ఆగిపోయింది.

ఆ షెడ్డులో ఆయనకొక పద్ధతి ఉండేది. బండి అప్పగించే ముందు తనే నడిపి చూసేవాడు. బాగుచేసినవాళ్లు పక్కసీట్లో కూర్చోవాలి. తాళం తిప్పేముందు ఒకే మాట అడిగేవాడు, "కప్పిపెట్టిందేమన్నా ఉండాదా?" అని. "లేదన్నా" అంటేనే బండి కదిలేది. సీట్లు కుట్టే రోజుల్లో నాకది తమాషాగా ఉండేది. సీటు కింద నేనేం దాస్తాను, సూదులా?

ఆ కారు అమరాపురం రైతు హనుమంతరాయప్పది. తన పెళ్లికి పెళ్లికూతుర్ని అందులోనే తెచ్చుకున్నాడట. ఇప్పుడు మనవరాలిని పెళ్లికూతురుగా అందులోనే పెనుకొండకు పంపాలని ఆశ. పెళ్లి ఇంకా వారం ఉంది. నేను నెర్రెలన్నీ గీకి శుభ్రం చేస్తుంటే, అడ్డకమ్మీ మధ్యభాగాన్ని కలిసేచోట ఇనుములోనే వెంట్రుకంత గీత కనిపించింది. అది గీకుడు గీత కాదు, పగులేనని నా వేలికి తెలిసింది. చెబితే స్టీరింగు పనికిరాదంటారేమో, నన్ను మళ్లీ సీట్ల దగ్గరికి పంపుతారేమో అని భయపడ్డాను. పైగా చిన్నప్పటినుంచీ నా చేతులకు అలవాటైన పని ఒకటే. పోగు తెగితే వేళ్లకు బూడిద అద్దుకుని పురిపెట్టి, అతుకు కంటికి ఆనకుండా కలిపేయడం. అలాగే ఆ గీత మీద జిగురుముద్ద నింపాను. ఆరాక రుద్ది, నల్లరంగు వేసి మెరిపించాను. నంజుండన్న దాన్ని ఎండలో తిప్పి చూసి, "అద్దం మాదిరి ఉండాదే" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను కూడా, సిగ్గులేకుండా.

మర్నాడు బండిలో కూర్చున్నాం. ఆయన అడిగాడు. నేను "లేదన్నా" అన్నాను.

పెనుకొండ దాకా రోడ్డు బాగానే ఉంది. అక్కడ కొండవాలు మలుపులు మొదలయ్యాయి. రెండో మలుపులో ఆయన స్టీరింగును బలంగా తిప్పాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది. ఆయనకు వినపడలేదు, ఏదో పాత పెళ్లి కథ చెబుతున్నాడు. నాకు మాత్రం వెనకసీట్లో పట్టుచీర కట్టుకుని ఆ పిల్ల కూర్చున్నట్టే కనిపించింది.

"అన్నా, ఆపు" అన్నాను.

పక్కకు తీసి ఆపాడు. అంతా చెప్పాను. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకు ముందే తెలిసుంటాదేమో అనుకుంటి" అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

"నాకెట్ల తెలుస్తాదమ్మా? నువ్వు లేదంటివి. నేను నడిపితి."

కన్నడంలో తిట్టినా బాగుండేదనిపించింది. డిక్కీలోంచి పనిముట్లు తెచ్చి నా చేతికిచ్చాడు. రోడ్డు పక్కనే స్టీరింగు ఊడదీశాను. కొసన రెండు చుట్లు వదలడం మాత్రం మరచిపోలేదు. "స్టీరింగు లేని బండిని ఎవడెత్తుకపోతాడు లే" అని ఆయన కారుకు తాళం వేశాడు. ఇద్దరం ధర్మవరం బస్సెక్కాం, మగ్గాల మిషన్లకు ఇత్తడితో అతుకులు వేసే మనిషి మా పుట్టింటి పక్కనే ఉన్నాడు కాబట్టి. నా ఒళ్లో స్టీరింగు చూసి కండక్టరు, "ఏమమ్మా, మా డ్రైవర్ని దారిలో దింపేసేట్టు ఉండావే" అన్నాడు. బస్సంతా నవ్వింది. నంజుండన్న కూడా నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అతుకు వేయించి, అది చల్లారేదాకా మా ఇంట్లో కూర్చున్నాం. జరిగింది విని నాయన మగ్గం గుంతలోంచే తలెత్తాడు.

"చీరలో అతుకు తెగితే ఎవురూ సావరు పాపా" అన్నాడు. మళ్లీ తల వంచి పనిలో పడ్డాడు.

అతికినచోట పసుప్పచ్చగా వేలెడు గీత తేలింది. రంగు వేయబోతే నంజుండన్న వద్దన్నాడు. "కనపడనీ. మళ్లా పగిలితే ముందు కంటికి తెలియల్ల." సాయంత్రానికి పెనుకొండ చేరి, గాట్లు కలిపి, నేనే బిగించాను.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంక నన్నడగడనుకున్నాను. అడిగాడు. అదే మాట, అదే గొంతు.

"లేదన్నా" అన్నాను.

నా ముఖం వైపు రెండోసారి చూడలేదు. తాళం తిప్పి, అదే వాలులో, పొద్దున వెళ్లినంత వేగంగానే నడిపాడు. పొద్దున ఆపేసిన పెళ్లి కథ మిగతాది చెప్పాడు. అది నేను ఒక్కముక్క వినలేదు. చేతులు జోడించుకుని కూర్చున్నాను.

హనుమంతరాయప్పకు అంతా చెప్పాడు, నా పేరు తప్ప. "మా షెడ్డులో పొరపాటు జరిగె" అన్నాడు. ఆ పెద్దాయన ఇత్తడి గీతను బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

"పెండ్లోళ్లు ఇదేమని అడిగితే ఏం చెప్పల్ల?"

"ఈడ పగిలింటే అతికించినామని చెప్పప్పా. అడిగినోళ్లకంతా చెప్పు."

పెళ్లికూతురు ఆ బండిలోనే పెనుకొండ వెళ్లింది. నేను సీట్ల దగ్గరికి పోలేదు. ఆ నెలలోనే నంజుండన్న ఇంకో స్టీరింగు తెచ్చి నా ముందు పెట్టాడు.

ఇప్పుడు షెడ్డు నాది. పని అయ్యాక నన్ను అడిగేవాళ్లు లేరు. అందుకే బండి అప్పగించే ముందు పక్కసీట్లో ఒక నిమిషం కూర్చుంటాను. డ్రైవరు సీటు ఖాళీగా ఉంటుంది. అటు తిరిగి పైకే అంటాను, "లేదన్నా" అని. నిన్న సాయంత్రం మాత్రం, పొద్దున రుద్దిన స్టీరింగులో వేలికి తగిలిన సన్నగీతను సరిగా చూడకుండానే రంగు వేశానని గుర్తొచ్చి, ఆ మాట అనలేకపోయాను. దిగి, మళ్లీ నట్టు వదులు చేశాను.